నేను స్టాఫ్ అయిన ఏడాది

మా నాన్న నాచారంలో ఒక ఇంజనీరింగ్ షెడ్డులో ఇరవై ఆరేళ్ళు లేత్ మిషన్ మీద పనిచేశాడు. ఆయన లెక్కలో లోకంలో ఉన్నది రెండే రకాల మనుషులు. ఒకళ్ళు స్టాఫ్, ఇంకొకళ్ళు మిగతా అందరూ. ఇంటికొచ్చి చేతుల గ్రీజు కడుక్కుంటూ చెప్పేవాడు, "స్టాఫోళ్ళకు పింగాణి కప్పుల చాయ్ ఇస్తరు. గేటు కాడ వాళ్ళ సంచి ఎవ్వడు జూడడు. మాది మాత్రం అన్నం డబ్బ గూడ తెరిపిస్తరు." ఈ మాటలు కోపంగా అనేవాడు కాదు. వాన పడుతుంది, ఎండ కాస్తుంది అన్నంత మామూలుగా అనేవాడు. అందుకని చిన్నప్పుడు నేను డాక్టర్ కావాలనో, కలెక్టర్ కావాలనో అనుకోలేదు. స్టాఫ్ కావాలనుకున్నాను.

డిక్షనరీ చూస్తే, ఒక చోట పనిచేసేవాళ్ళంతా స్టాఫే అని ఉంటుంది. ఊడ్చేవాళ్ళు, మోసేవాళ్ళు, సంతకాలు పెట్టేవాళ్ళు అందరూ అందులోనే. డిక్షనరీ రాసినాయన ఉప్పల్లో సిటీ బస్సు ఎక్కి ఉండడు. ఇక్కడ కండక్టర్ చెయ్యి చాపగానే ఒకాయన కిటికీలోంచి చూపు తిప్పకుండా "స్టాఫ్" అంటాడు. కండక్టర్ మారు మాట్లాడకుండా ముందుకు పోతాడు. వెనక సీట్లో చిల్లర వెతుక్కుంటున్న మనందరం ఆయన వంక కాస్త గౌరవంగా, కాస్త కుళ్ళుగా చూస్తాం. హోటల్లో బిర్యానీ ఆలస్యమైతే "స్టాఫ్ తక్కువున్నరన్నా" అంటారు. దవాఖానాలో "స్టాఫ్ వచ్చి సూది ఇస్తది, పండుకో" అంటారు. బడిలో స్టాఫ్ రూమ్ గడప దాటాలంటే నాకు ఇప్పటికీ కాళ్ళు వెనక్కి లాగుతాయి. ఎక్కడ విన్నా ఆ మాట కొందరిని లోపల కూర్చోబెడుతుంది, కొందరిని బయట నిలబెడుతుంది. నేను ఎటువైపు ఉండాలో మా ఇంట్లో ఎప్పుడో తేలిపోయింది.

బీఎస్సీ కెమిస్ట్రీ అయ్యాక నాచారంలోనే ఒక మందుల కంపెనీలో, క్వాలిటీ డిపార్ట్‌మెంటులో ట్రైనీగా చేరాను. ట్రైనీ అంటే ఏడాది పాటు రెంటికీ చెడ్డ రేవడి. స్టాఫ్ వాళ్ళు తమ టేబుల్ దగ్గర కూర్చోనివ్వరు, వర్కర్లు "మేడం" అని పక్కకు జరుగుతారు. అలా పక్కకు జరగనిది ఒక్కతే. ప్యాకింగ్ హాల్లో మాత్రల షీట్లను అట్టపెట్టెల్లో సర్దే అక్క. నలభై దాటిన మనిషి, కాంట్రాక్టర్ కింద పని. మొదటి రోజు క్యాంటీన్‌లో ప్లేటు పట్టుకుని ఎటు పోవాలో తెలియక నిలబడితే, బెంచీ మీద తన సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఇటు కూసో చెల్లె" అంది. అంతే, ఆ ఏడాదంతా నేను అక్కడే కూర్చున్నాను.

అక్క అన్నోజిగూడ నుంచి వచ్చేది. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర బస్సు దిగి, అక్కడ నా కోసం నిలబడేది. ఇద్దరం కలిసి షేర్ ఆటోలో నాచారం పోయేవాళ్ళం. ఆటోలో నాకు చోటు ఆపడానికి ఆమె మోచేతులు చేసే యుద్ధం చూసి డ్రైవర్లు నవ్వేవాళ్ళు. నెత్తికి టోపీ ఒక్క వెంట్రుక బయటికి రాకుండా ఎలా పెట్టుకోవాలో, ఇరవై నిమిషాల్లో అన్నం తిని చెయ్యి ఎలా కడుక్కోవాలో, ఎవరి జోకులకు నవ్వకూడదో, అన్నీ ఆమే నేర్పింది. ఆడ వర్కర్ల టాయిలెట్ క్యాంటీన్ వెనక, షెడ్డు చివర ఉండేది. దాని తలుపుకు గొళ్ళెం ఊడిపోయి చాలా కాలమైంది. నేను లోపలికి పోతే అక్క బయట తలుపు గుంజి పట్టుకుని నిలబడేది. "నేనున్న, నిమ్మలంగ పో" అనేది.

ఆ హాల్లో ఆడవాళ్ళు మధ్యాహ్నం దాకా నీళ్ళు తాగరు. ఈ సంగతి నాకు ఆమె చెబితేనే తెలిసింది. బయటికి పోవాలంటే పై గౌను, టోపీ, కాళ్ళ తొడుగులు విప్పాలి, రిజిస్టర్‌లో టైము రాయాలి, వచ్చాక మళ్ళీ అన్నీ తొడుక్కోవాలి. రెండోసారి రాస్తే సూపర్‌వైజర్ పిలిచి అడుగుతాడు. అందుకని గొంతు తడారినా ఓర్చుకుంటారు. ఆ ఏడు అక్కకు షుగర్ బయటపడింది. డాక్టరేమో నీళ్ళు బాగా తాగమన్నాడు. "తాగమనెటోడు వచ్చి నిలవడితే తెలుస్తది" అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఏడాది తిరిగాక నాకు కన్ఫర్మేషన్ లెటర్ వచ్చింది. నాన్న దాన్ని మూడుసార్లు చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని తన పాత షెడ్డు దాకా పోయి వచ్చాడు. అమ్మ వాడకట్టంతా లడ్డూలు పంచింది. అక్క రొట్టెలు, బెల్లం నలిపి మలీద ముద్దలు చేసుకొచ్చి ప్యాకింగ్ హాల్లో అందరికీ పెట్టింది. "మా చెల్లె స్టాఫ్ అయింది" అని కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పింది. ఆ రోజు నాకంటే ఆమే ఎక్కువ మురిసిపోయిందని ఇప్పుడు అనిపిస్తుంది.

స్టాఫ్ అయ్యాక నాకు దక్కిన మొదటి అధికారం ఒక తాళంచెవి. ప్యాకింగ్ హాలుకు పది అడుగుల్లో ఆడవాళ్ళ స్టాఫ్ టాయిలెట్ ఉంది. దానికి తాళం. చెవి ఎప్పుడూ అందరికంటే చిన్న ఆడ స్టాఫ్ దగ్గర ఉండాలని ఆనవాయితీ. చెవి అప్పగిస్తూ నా సీనియర్, "వర్కర్లను రానివ్వద్దు. వాళ్ళకు వాడటం రాదు" అంది. నేను తలూపాను. ఏడాది పాటు ఆ వర్కర్ల టాయిలెట్‌కే పోయిన నేను, వాళ్ళకేం రాదో అడగనైనా అడగలేదు. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. నాకు దక్కింది మరుగుదొడ్డి తాళంచెవి. దాన్నే కోటు జేబులో వేసుకుని, నడిచేటప్పుడు గలగలమనేలా నడిచాను.

ఇంకా కొన్ని మారాయి. అవి రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. క్యాంటీన్‌లో స్టాఫ్ టేబుల్‌కు వచ్చేశాను. మొదటి వారం అక్క వైపు చూసి చెయ్యి ఊపాను, రెండో వారం నుంచి అటు చూడటం మానేశాను. ఆటోలో పక్కనే కూర్చున్నా ఫోన్ చూసుకునేదాన్ని. గేటు దగ్గరికి రాగానే రెండడుగులు ముందుకు నడిచేదాన్ని. ఇంట్లో "ఏంది" అనే నోరు కంపెనీలో "ఏమిటండీ" అనడం మొదలుపెట్టింది. అక్క ఇవన్నీ గమనించే ఉంటుంది. అయినా ఆటోలో చోటు మాత్రం ఎప్పటిలా ఆపుతూనే ఉంది.

ఆ రోజు ఆడిట్. బయటి దేశం నుంచి ఇద్దరు వచ్చి మా ప్లాంటు చూస్తారని వారం ముందు నుంచి హడావిడి. గోడలకు రంగులు వేశారు, రిజిస్టర్లు తిరగరాశారు. స్టాఫ్ టాయిలెట్‌ను అద్దంలా కడిగించి, వచ్చినవాళ్ళు పోయేదాకా ఎవరూ తెరవకూడదని చెప్పారు. పొద్దున పదకొండు దాటింది. నేను క్వాలిటీ గదిలో ఫైళ్ళు సర్దుతున్నాను. పక్కన మా కొత్త మేనేజర్ నిలబడి ఉన్నాడు. ప్యాకింగ్ హాలు వైపున్న అద్దం కిటికీ మీద ఎవరో వేలితో కొట్టారు. చూస్తే అక్క. టోపీ, మాస్కు మధ్య కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"చెల్లె, గా తాళంచెవి జర ఇయ్యి. మా దాంట్ల నీళ్ళు లెవ్వు, మోటర్ కాలిందంట. తలుపు మూసేసిన్రు. ఆగుతలేదు."

మేనేజర్ తల తిప్పి చూశాడు. "మీకు తెలిసినావిడా?" అన్నాడు.

అతను అడిగింది అంతే. తిట్టలేదు, వద్దనలేదు. నేను అవునని, తాళంచెవి ఇచ్చి ఉంటే ఏమయ్యేదని ఎన్నోసార్లు అనుకున్నాను. బహుశా ఒక మాట పడేదాన్ని. బహుశా అదీ పడేదాన్ని కాదు. అతని మొహం వైపు చూసి, కిటికీ వైపు తిరిగి, నా కొత్త భాషలో అన్నాను. "అది స్టాఫ్‌ది. వర్కర్లకు కాదండి. కొంచెం ఓపిక పట్టండి, మోటార్ బాగుచేస్తారు."

అక్క నన్ను ఒక్క క్షణం చూసింది. "మంచిదమ్మా" అని వెళ్ళిపోయింది.

ఆర్డర్ పైవాళ్ళది, నాదేముందని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆర్డర్ పైవాళ్ళదే, కానీ ఆ మాట అన్నప్పుడు నా నోట్లో కలిగిన తియ్యదనం నాది. స్టాఫ్ అన్నది చిన్నప్పటి నుంచి ఇంట్లో వింటున్న మాట. మొదటిసారి దాన్ని లోపలి వైపు నిలబడి, బయటున్న మనిషితో అన్నాను. అందులో నాకు గర్వంగా అనిపించింది. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పావుగంట తర్వాత ప్యాకింగ్ హాల్లో మాత్రల షీట్లను మోసుకొచ్చే బెల్టు ఆగిందని ఫోన్ వచ్చింది. బెల్టు ఆగితే క్వాలిటీ నుంచి ఎవరో ఒక స్టాఫ్ పోయి చూసి, ఎందుకాగిందో కాగితం మీద రాసి సంతకం పెడితేనే మళ్ళీ నడుస్తుంది. నన్ను పంపారు. హాల్లోకి పోయేసరికి పన్నెండు మంది ఆడవాళ్ళు బెల్టుకు దూరంగా గోడవారన నిలబడి ఉన్నారు. ఒకళ్ళ వైపు ఒకళ్ళు చూడటం లేదు. మధ్యలో అక్క వంగి గచ్చు తుడుస్తోంది. ఆమె నీలం ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ముదురు రంగులోకి తిరిగింది. ఎవరో పిల్ల తుడుపుగుడ్డ తీసుకోబోతే, "వద్దు బిడ్డ, నాదే గద" అంది. సూపర్‌వైజర్ ఆడిట్ వాళ్ళు వచ్చే వేళైందని గడియారం చూసుకుంటూ గొణుగుతున్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె దగ్గరికి పోయి గుడ్డ అందుకోవాలి. కనీసం నా కోటు విప్పి ఆమె నడుముకు చుట్టాలి. ఇవన్నీ ఇప్పుడు రాస్తుంటే తోస్తున్నాయి. అప్పుడు నేను చేసింది, అట్టకు క్లిప్పు పెట్టిన కాగితం తీసుకుని పెన్ను మూత తీయడం. కారణం అన్న గడిలో నీళ్ళు ఒలికాయని రాశాను. కింద స్టాఫ్ సంతకం అని ఉన్నచోట సంతకం పెట్టాను. ఆమె పరువు కాపాడటానికే అలా రాశానని ఆ సాయంత్రం అనుకున్నాను. తర్వాత తెలిసింది, నేను కాపాడుకున్నది నన్నే. నీళ్ళు ఒలికితే ఎవరూ తాళంచెవి సంగతి అడగరు.

అక్క తల ఎత్తలేదు. తుడవడం అయిపోయాక గుడ్డ బకెట్లో వేసి, ఆ తడి బట్టలతోనే నా పక్క నుంచి బయటికి నడిచింది.

మర్నాడు ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఆమె లేదు. ఆ మర్నాడూ లేదు. కాంట్రాక్టర్‌ను అడిగితే "మానేసిందంట మేడం, వేరే మనిషిని పెట్టిన" అన్నాడు. ప్యాకింగ్ హాల్లో ఎవరూ నన్నేమీ అనలేదు. నేను లోపలికి పోతే మాటలు ఆగేవి, అంతే. తేలు కుట్టిన దొంగలా పని చూసుకుని బయటపడేదాన్ని. ఆడిట్ బాగా అయిందని మేనేజర్ అందరికీ స్వీట్లు పంచాడు. నా వంతు డబ్బా ఇంటికి తీసుకుపోతే నాన్న రెండు ముక్కలు తిని, "స్టాఫ్‌కు ఇచ్చినయ్ వేరేగ ఉంటయ్" అన్నాడు. ఆయనకు ఏం జరిగిందో చెప్పాలని నోటిదాకా వచ్చింది. గేటు దగ్గర ఇరవై ఆరేళ్ళు అన్నం డబ్బా మూత తీసి చూపించిన మనిషికి ఎలా చెప్పను? లేచి లోపలికి పోయాను.

రెండు నెలలు పట్టింది నాకు కాళ్ళు కదలడానికి. ఒక ఆదివారం డజను అరటిపళ్ళు, బిస్కెట్ ప్యాకెట్లు కొనుక్కుని అన్నోజిగూడ పోయాను. హైవే పక్కన టైర్ల పంక్చర్ షాపు వెనక రెండు గదుల అద్దె ఇల్లు. దారంతా ఏం చెప్పాలో మనసులో చదువుకుంటూ వచ్చాను. కాళ్ళు పట్టుకోవాలని కూడా అనుకున్నాను. తలుపు తీసింది ఇంటర్ చదివే ఆమె కూతురు. నేనెవరో చెప్పగానే పిల్ల మొహం వెలిగింది.

"మీరా అక్కా? మా అమ్మ మీ గురించి మస్తు చెప్తుండె. డిగ్రీ చేసి మీ లెక్క స్టాఫ్ కావాలె అంటది నన్ను."

అక్క లోపలి నుంచి వచ్చింది. చిక్కింది. నన్ను చూసి ఒక్క అడుగు ఆగింది. తర్వాత మామూలుగా, "కూసో చెల్లె. ఎండల వడి వచ్చినవ్" అని కుర్చీ జరిపి, కూతురిని చాయ్ పెట్టమంది. కూతురు స్టవ్ దగ్గర నిలబడి మాట్లాడుతూనే ఉంది. నిలబడి నిలబడి అమ్మకు మోకాళ్ళు పోయాయని, అందుకే పని మానిపించామని, ఇప్పుడు ఇంట్లోనే బ్లౌజులకు హుక్కులు కుడుతోందని చెప్పింది. అక్క నా వైపు చూడకుండా అరటిపళ్ళను పళ్ళెంలో సర్దుతోంది. అప్పుడు నాకర్థమైంది. ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

అర్థమయ్యాక కూడా నేను ఊరుకోలేదు. అది నా రెండో తప్పు. మోసుకొచ్చిన బరువు దించుకోవాలన్న ఆత్రం తప్ప నాకింకేం కనబడలేదు. "అక్కా, ఆ రోజు..." అన్నాను.

"చాయ్ సల్లారుతది, తాగు" అంది.

"లేదక్కా, ఆ ఆడిట్ రోజు నేను..."

కూతురు ఇటు తిరిగింది. "ఏమైందమ్మా ఆ రోజు?"

అక్క చేతిలో పండు కదలకుండా ఆగింది. ఒక్క క్షణమే. "ఏముంది, ఆడిట్ అయినంక స్వీట్లు పంచిన్రంట. నాకు అందలే. గా ముచ్చట మనసుల వెట్టుకుని తిరుగుతున్నది పిచ్చిది" అని నవ్వింది. కూతురూ నవ్వింది. నేనూ నవ్వాల్సి వచ్చింది. చాయ్ ఒక్క గుక్కలో తాగేసి గ్లాసు కింద పెట్టాను. క్షమాపణ అడగడానికి పోయి, ఆమె చేత ఇంకో అబద్ధం ఆడించాను. అదీ కన్నకూతురి ముందు.

బయల్దేరుతుంటే అక్క చెప్పులు వేసుకుని బస్‌స్టాప్ దాకా వచ్చింది. హైవే మీద లారీలు మోత పెడుతూ పోతున్నాయి. నేను ఏడుస్తున్నాను. ఆమె ఏడవలేదు. కొంగుతో నా మొహం తుడిచింది, చిన్నపిల్లకు తుడిచినట్టు.

"నువ్వెందుకు వచ్చినవో నాకెర్కే. చెప్పకు" అంది. "నీ మీద నాకు కోపం లేదు, ఒట్టు. కోపముంటే తిడుదును. గని మా పిల్లకు నేను గట్ల నిలవడ్డనని తెల్వద్దు. అది నన్ను గట్ల జూడొద్దు."

నేను తలూపాను. దూరంగా ఉప్పల్ బస్సు కనిపించింది. ఆమె చెయ్యెత్తి దాన్ని ఆపింది. నేను మెట్టు ఎక్కుతుంటే చేతికి అరటిపళ్ళ సంచి అందించింది. నాలుగు పళ్ళు ఉంచుకుని మిగతావి అందులో తిరిగి పెట్టింది.

"మంచిగ వుండు చెల్లె. ఇగ రాకు. నిన్ను జూసినప్పుడల్లా గదే యాదికొస్తది నాకు."